ఎడమ పక్క అడుగులు

సౌండు కార్డు కొనాలా వద్దా అని
మూడు జీతాలుగా ఆలోచిస్తా ఉండాను.
నాలుగు వేల ఆరు వందలు.
డిల్లిబాబు అంగట్లో గాజు బీరువా లోపల
నల్ల పెట్టెలో కూర్చోనుంది.
అప్పున్న అంగడి ముందర నడిచినట్టు
చూసీ చూడకుండా దాటిపోతాండాను.

ఆటలో నన్ను చంపేవాడు
ఎప్పుడూ ఎడమ పక్క నుంచే వస్తాడు.
గడ్డి మీద అడుగులంట, చెక్కమెట్ల మీద అడుగులంట,
జట్టులో అందరికీ వినపడతాయి.
"ఎడమ, ఎడమ, యాడ చూస్తాండావు సామీ"
అని మదనపల్లె పిల్లోడు అరిచేలోపల
నేను నేల మీద పడి
నా బూట్లు నేనే చూసుకుంటా ఉంటాను.

"బోర్డుతోపాటు వచ్చే సౌండు ఉమ్మడి కాపరం మాదిరి,"
అన్నాడు డిల్లిబాబు.
"ఫ్యాను సణుగుడు, కరెంటు గుసగుస
అన్నీ దాంట్లోనే కలుస్తాయి.
వేరు కుంపటి పెట్టించు.
నచ్చకపోతే ఆదివారం తెచ్చిచ్చెయ్."
సీలు తీసిన పెట్టెను నా చేతుల్లో పెట్టినాడు,
పసిబిడ్డను ఎత్తుకోమన్నట్టు.

గ్రీమ్స్‌పేటలో మా మిద్దె గది.
క్యాబినెట్ మూత తీసి, దుమ్ము ఊది,
కార్డును స్లాటులో అదిమితే
టక్కుమనింది.
ఆ టక్కు మాత్రం బాగా వినపడింది.

మొదటి రాత్రి ఏం చెప్పేది!
వాన పడితే వాన, గాజు పగిలితే గాజు.
ఇన్నాళ్ళూ గోనెసంచి లోపల కూర్చోని విన్నట్టుంది అన్నాను.
అంత దుడ్డు పెట్టబోయేవాడు
ఇంకేమంటాడు?

మా చెల్లెలు పునీత లెక్కల్లో డిగ్రీ చదువుతాంది,
దేన్నీ ఊరికే నమ్మదు.
నా మొహం గోడవైపు తిప్పించి
హెడ్‌ఫోను పిన్ను ఒకసారి బోర్డుకు, ఒకసారి కార్డుకు,
ఒక్కోసారి తీసినట్టే తీసి మళ్ళీ దాంట్లోకే.
ఏది ఏదో నేను చెప్పాల.
సరిగ్గా చెప్పినప్పుడల్లా పళ్ళెంలో ఒక చింతగింజ.

ఇరవై సార్లకు పదకొండు గింజలు.
"బొమ్మా బొరుసా వేసినా ఇంతే వస్తాది అన్నా."

తరువాత ఆ పిల్ల పెట్టుకునింది, నేను మార్చినాను.
పద్దెనిమిది.
"బోర్డులో సన్నగా ఈల ఉంది,
మౌసు కదిలిస్తే కీచుమంటాది.
కార్డులో అది లేదు. అంతే తేడా."

"ఏ ఈల?"

"వినపడలేదా?"

"ఏ ఈల?"

పునీత చింతగింజలు డబ్బాలో పోసేసింది.

మామిడి కాలం వస్తే
ఏడేండ్లుగా నాకు పల్పర్ దగ్గరే డ్యూటీ.
తోతాపురి టెంకలు ఇనుప జల్లెడ లోపల
పన్నెండు గంటలు దొర్లతాయి.
పక్కనోడితో మాట్లాడాలంటే చేతులే.
మిషనుకు నా ఎడమ భుజం.
చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన పసుపు రబ్బరు బిళ్ళలు
లాకరులో కవరు చించకుండా ఉండాయి,
చెమటకు దురద పుడతాదని.

శుక్రవారం పెద్దాసుపత్రిలో
చిన్న గదిలో తలుపేసి, చేతికి బటన్ ఇచ్చినారు.
వినపడితే నొక్కు.
కుడిచెవి గీత బెంగుళూరు రోడ్డు మాదిరి
నున్నగా పోయింది.
ఎడమది కొంతదూరం పోయి
నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గుంతలో పడింది.
నాలుగు వేలు!
నవ్వొచ్చింది నాకు.
ఇంకో ఆరు వందలు వేస్తే కార్డొచ్చేది.

"పోయింది రాదు, ఉన్నది చూసుకోండి,"
అనింది ఆ మేడమ్, రెండుసార్లు,
రెండోసారి గట్టిగా.

ఆదివారం పెట్టె తిరిగిచ్చేసినాను.
"బాగుందా లేదా? ఒక్క మాట చెప్పు," అన్నాడు డిల్లిబాబు.
బాగుంది రా. ఈల లేదంట.
"లేదంట ఏంది?"
పునీత చెప్పింది.
వానికేమీ అర్థం కాలేదు.
పెట్టె మూలలు తడిమి చూసుకోని
మళ్ళీ బీరువాలో పెట్టుకున్నాడు.

ఇంకో మూడు వారాల్లో ఫ్యాక్టరీ గేటు తీస్తారు.
లాకరు తాళంచెవి బండి తాళాలతో కలిపి వేసినాను.

రాత్రిళ్ళు హెడ్‌ఫోను తిరగేసి పెట్టుకుంటా ఉండాను,
ఎడమది కుడికి, కుడిది ఎడమకు.
ఎడమ నుంచి వచ్చేవాడు కుడిచెవిలో నడుస్తాడు.
మనసు ఒకపక్కకు లాగతాది,
చెయ్యి ఇంకోపక్కకు తిప్పాల.
నిన్న మెట్ల కింద ఒకడిని పట్టేసినాను,
మదనపల్లె పిల్లోడు ఈల వేసినాడు,
ఆ ఈల వినపడింది.

ఇప్పుడు నన్ను చంపేవాళ్ళు
కుడి పక్క నుంచి వస్తాండారు.